పోయినవీ, పారేసినవీ

ఇంటి తాళంచెవుల గుత్తి ఇల్లాలి బొడ్డులోనే ఉంటుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గుత్తిలో బీరువాది ఉంటుంది, సామాన్ల గదిది ఉంటుంది, దేవుడి వెండి గిన్నెల పెట్టెది ఉంటుంది. ఒకసారి ఆ చెవులన్నీ లెక్కపెట్టి చూడండి. అందులో ఆమె ఒక్కతికే చెందిన వస్తువు మీద వేసిన తాళానిది ఏది? నాకు తెలిసిన ఇళ్ళలో అలాంటిది ఒక్కటీ కనబడలేదు. తాళాలన్నీ ఇంటివి. కాపలా మటుకు ఆమెది.

మరి ఆమె సొంతవో? పెళ్ళిచీర మడతల్లో ఒక ఉత్తరం, అలమరలో పరిచిన పాత పేపరు కింద ఒక ఫోటో, కందిపప్పు డబ్బా అడుగున నాలుగు నోట్లు. ఎవరూ చెయ్యి పెట్టరన్న నమ్మకం తప్ప వాటికి వేరే కాపలా లేదు. ఆ నమ్మకం కూడా లేని చోట పొయ్యి ఉండేది. అన్నం వార్చేలోపల ఒక కాగితాన్ని కట్టెల మధ్య దోపేస్తే అడిగేవాళ్ళు లేరు. గ్యాసు వచ్చాక ఆడవాళ్ళకు పొగ బాధ తప్పిందంటారు గాని, కాగితం కాల్చుకునే చోటు కూడా తప్పిందని ఎవరూ అనరేం?

తర్వాత కంప్యూటరు వచ్చింది. నచ్చనిదేదైనా రాసుకుంటే ‘డిలీట్’ మీట ఒకటి నొక్కడం, తెర మీద అది మాయం కావడం. చాలామందికి అది మళ్ళీ పొయ్యి దొరికినట్టే అనిపించి ఉంటుంది. కాని అది పొయ్యి కాదు. ఈ సంగతి నేను మా నారాయణపేటలో ఒక కంప్యూటర్ల రిపేరు షాపులో, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తెలుసుకున్నాను.

మా చిన్నమ్మ ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేది. రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, 2002లో, తమ్ముడు అమెరికా పోతూ పోతూ ఆమెకొక కంప్యూటరు కొనిపెట్టి పోయాడు. బల్ల సగం ఆక్రమించే ఆ పెద్ద డబ్బా మానిటరు మీకూ గుర్తుండే ఉంటుంది. చిన్నమ్మ పాత నారాయణపేట చీర గళ్ళగుడ్డతో దానికి కుచ్చుల కవరు కుట్టింది. దసరాకు పసుపూ కుంకుమా పెట్టింది. పక్కింటి మరాఠీ ఆవిడ, ఎదురింటి కన్నడ ఆవిడ వచ్చి చూసి పోయారు. (మా ఊళ్ళో మూడు భాషలూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి.) ఆర్నెల్లలో తెలుగు టైపు నేర్చుకుంది. కొడుక్కి ఉత్తరాలు, స్కూలు వార్షికోత్సవానికి నాటికలు, పెసరట్టు నుంచి జొన్నరొట్టె దాకా వంటలు, అన్నీ అందులోనే. చిన్నాయన 2009లో పోయారు. మరుసటేడు కంప్యూటరు కూడా మూలపడింది. పదిహేనేళ్ళు అటక మీద ఉంది. కిందటి సంవత్సరం చిన్నమ్మ కూడా పోయింది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి వెయ్యబోతుంటే చెల్లెలు అడ్డుపడింది. నాన్న ఆఖరి ఆరేళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అమెరికా నుంచి తమ్ముడు కూడా అదే మాట. నేను ఊళ్ళోనే ఉంటాను గనుక షాపుకు మోసే పని నాకు పడింది.

షాపు అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. డబ్బా విప్పి లోపల్నించి అరచేతిలో పట్టే ఇనప పెట్టెలాంటిది తీశాడు. హార్డ్ డిస్కు అంటే అదే. దాని తోక వెడల్పాటి రిబ్బనులా ఉండే పాత రకం. ఇప్పటి కంప్యూటర్లకు ఆ తోక అతకదు. కొన్ని వందల రూపాయల ఎడాప్టరు ఒకటి తగిలిస్తే మామూలు యూఎస్‌బీ రంధ్రంలో పడుతుందట. “మేడమ్, ఇంట్ల స్విచ్ ఏసి చూసిన్రా?” అని ముందే అడిగాడు. లేదన్నాను. మంచి పని చేశామన్నాడు. పాత డిస్కును ఊరికే తిప్పి చూడకూడదట. టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తే వెంటనే ఆపెయ్యాలట, లోపల చదివే సూది పళ్ళేన్ని గీకేసే ప్రమాదం ఉందట. అదృష్టం, మాది చప్పుడు చెయ్యలేదు. అబ్బాయి ఆ డిస్కు మీద ఒక్క అక్షరం కొత్తగా రాయకుండా, మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా వేరే డిస్కులోకి నకలు తీశాడు. వెతుకులాటంతా నకలులోనే. నలభై జీబీల డిస్కు. చిన్నమ్మ ఎనిమిదేళ్ళ జీవితం ఇవాళ పిల్లలు ఆడుకునే ఫోన్‌లో మూడోవంతుకు రాదు.

నకలు పూర్తవుతుండగా అబ్బాయి చెప్పాడు: “డిలీట్ చేసినయి గూడ వస్తయి మేడమ్.”

ఎలా వస్తాయని అడిగాను. అతని భాషలో చెప్పింది నా భాషలో ఇలా అర్థమైంది. చిన్నమ్మ క్లాసే అనుకోండి. హాజరుపట్టీలో ఒక పిల్ల పేరు కొట్టేశారు. పట్టీ చూసేవాళ్ళకు ఆ పిల్ల లేదు. కాని పిల్ల మటుకు మూడో బెంచీ మీద అలాగే కూర్చుని ఉంది. కొత్త పిల్ల వచ్చి ఆ చోట కూర్చున్నప్పుడే ఆమె నిజంగా లేచిపోతుంది. డిలీట్ అంటే పేరు కొట్టెయ్యడమే. చోటు ఖాళీ అయిందని కంప్యూటరు రాసుకుంటుంది, అంతే. కొత్త ఫైలు ఆ చోటుకు వచ్చేదాకా పాతది కదలదు. మూలపడిన కంప్యూటరులో కొత్తవి ఎక్కణ్ణించి వస్తాయి? పదిహేనేళ్ళుగా అవన్నీ బెంచీల మీదే ఉన్నాయి.

ఇప్పటి కంప్యూటర్లలో వాడే ఎస్ఎస్‌డీలు ఇలా కావట. అవి చాలావరకు తీసేసినవాటిని తమంతట తామే తుడిచేసుకుంటాయి. పాత డిస్కులకే ఇంత జ్ఞాపకం.

తెర మీద జాబితా దిగింది. ఉంచినవీ తీసేసినవీ ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి. తీసేసిన ఫైళ్ళ పేర్లలో చాలావాటికి మొదటి అక్షరం లేదు. ఆ పాత విండోస్ పద్ధతిలో ఫైలును తీసేసినప్పుడు పేరు మొదట్లో ఒక గుర్తు పెడతారట, మొదటి అక్షరం ఆ గుర్తు కింద పోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ అని పెట్టిన ఫైలు ముందరి ఏ పోయి ‘మ్మ’ అని తిరిగొస్తుంది. అలాంటివి ఇరవై మూడు. పక్కనే తేదీ, గంట. అబ్బాయి చాలా మామూలుగా అన్నాడు, “అన్నీ రాత్రి పదకొండు దాటినంకనే రాసిన్రు మేడమ్.”

ఆ ఒక్క మాట నేను వినకుండా ఉండాల్సింది. కవరు విప్పకపోయినా పోస్టు ముద్ర చెప్పేది చెబుతుంది.

ఆ ఇరవై మూడింట్లో ఏముందో మాకు వెంటనే తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. అది మన తెలుగు చేసిన ఉపకారం. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటున్నా, మన ఇళ్ళలోని కంప్యూటర్లకు అది ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతకుముందు తెలుగు టైపు చేసినవాళ్ళు అను లాంటి సొంత ఫాంట్లతో చేశారు. ఆ ఫాంట్లలో కంప్యూటరు లోపల దాచుకునేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటి మీద తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ముసుగు జారిపోయి అర్థంలేని గజిబిజి వస్తుంది. పాతికేళ్ళ కిందట రాసుకున్న కథలు, సిద్ధాంత వ్యాసాలు, పెళ్ళి పత్రికలు ఇలా గజిబిజి అయిపోయి ఎన్ని ఇళ్ళల్లో పడి ఉన్నాయో. నా తొలి నవల చిత్తుప్రతి కూడా ఆ జాతిదే. మార్చే సాధనాలున్నాయి, ఏ ఫాంటో తెలిస్తే నిమిషాల పని. అయితే పని చెయ్యాలి. ఒకరు ఎంచుకుని, బొత్తం నొక్కి, మార్చాలి.

ఇక్కడే నాకు విషయం పట్టుబడింది. చీర మడతలోంచి ఉత్తరం జారిపడితే “కన్ను పడింది, ఏం చెయ్యను” అనొచ్చు. అందులో సగం అబద్ధమే అయినా సగం నిజముంటుంది. కళ్ళు అక్షరాన్ని చూశాక చదవకుండా ఉండలేవు. ఇక్కడ ఆ సాకు లేదు. ఈ గజిబిజిని తెలుగు చేసేవాళ్ళు తెలిసి తెలిసి చేస్తారు.

ఫోన్‌లో తమ్ముడికి చెప్పాను. వాడు ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. “అన్నీ తీయించక్కా. అమ్మ రాసిన ముక్క ఒక్కటి గూడా పోవద్దు.” వాడి గొంతులో దుఃఖం ఉంది. తల్లి పోయినప్పుడు టిక్కెట్టు దొరికి వచ్చేసరికే పదో రోజు. అలాంటివాణ్ణి కాదనడం తేలిక కాదు. చెల్లెలు మటుకు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తీసేసినయి వద్దక్కా. అమ్మ తీసేసింది గదా,” అంది.

ఈ ఇద్దరి మధ్యలో నేను రచయిత్రిని. నా మనసు ఎటు లాగి ఉంటుందో చెప్పనక్కర్లేదు. రాత్రి పదకొండు దాటాక ఒక తెలుగు టీచరు రాసుకుని, వద్దనుకున్న ఇరవై మూడు కాగితాలు! ఏ నవలా రచయిత్రికైనా నోరూరుతుంది.

పెద్దవాళ్ళు ఏం చేశారో చూద్దామా? అన్నమయ్య పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో పెట్టించారు. అన్నమయ్య పోయింది 1503లో. ఆ రేకులు మళ్ళీ లోకానికి తెలిసి, పరిశోధకుల చేతుల్లో పడింది ఇరవయ్యో శతాబ్దంలో. భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’ కథను పాత పత్రికల కట్టల్లోంచి వెతికి తెచ్చినవాళ్ళ వల్లనే తొలి తెలుగు కథ ఎవరిదన్న చర్చ తిరిగి మొదలైంది. వాళ్ళకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. అయితే ఒకటి గమనించండి. రాగి మీద చెక్కించినవాళ్ళు ఉండాలనే చెక్కించారు. అచ్చమాంబ అచ్చుకిచ్చింది, పదిమందీ చదవాలని. అవి పోయినవి. పోయినదాన్ని వెతికి తేవడం, పారేసినదాన్ని ఏరి తేవడం, రెండూ ఒకటి కావు. షాపులోని సాఫ్ట్‌వేరుకు మటుకు రెండూ ఒకటే, ఒకే వరసలో చూపిస్తుంది. తేడా చూడాల్సిన పని మనకు వదిలేసింది.

కాఫ్కా సంగతో అంటారు చదువుకున్నవాళ్ళు. 1924లో ఆయన పోయాక, కాల్చెయ్యమన్న రాతప్రతులను స్నేహితుడు మాక్స్ బ్రాడ్ అచ్చేయించాడు. మరుసటేడే ‘ది ట్రయల్’ వచ్చింది. అది చదివి మురిసిన నేను బ్రాడ్‌ను తిట్టలేను. కాని బ్రాడ్ చెప్పుకున్నదాన్ని బట్టి, తాను కాల్చనని కాఫ్కాకు ముందే చెప్పాడు. అయినా కాఫ్కా తన చేత్తో కాల్చుకోక ఆయనకే అప్పజెప్పి పోయాడు. చిన్నమ్మ ఎవరికీ అప్పజెప్పలేదు. ఆ పని తనే చేసుకుంది, అయిపోయిందనుకుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి లవీనియా డికిన్సన్. ఎమిలీ డికిన్సన్ చెల్లెలు. 1886లో అక్క పోయాక, ఇచ్చిన మాట ప్రకారం ఆమెకొచ్చిన ఉత్తరాలను లవీనియా కాల్చేసింది. తర్వాత పెట్టెలో, అక్క చేత్తో కుట్టి పెట్టుకున్న చిన్న చిన్న పుస్తకాలు, విడి కాగితాలు దొరికాయి. దగ్గర దగ్గర పద్ధెనిమిది వందల కవితలు. వీటిని కాల్చమని అక్క చెప్పలేదు. కుట్టి మరీ దాచింది. లవీనియా వాటిని అచ్చువేయించడానికి ఊళ్ళో ఎందరి చుట్టూ తిరిగిందో! 1890లో మొదటి సంపుటం వచ్చింది. ఆమె పండితురాలు కాదు. కాని కాల్చమన్నది కాల్చింది, దాచినది నిలిపింది. ఆ ఉత్తరాలు ఉంటే సాహిత్య చరిత్రకు ఎంత లాభమో అని ప్రొఫెసర్లు ఇవాళ్టికీ వాపోతారు. వాపోనివ్వండి.

ఇక హార్డ్ డిస్కు సంగతే కావాలంటే, ఇంగ్లాండు రచయిత టెర్రీ ప్రాచెట్ ఉన్నాడు. 2015లో పోయాడు. తన అసంపూర్ణ నవలలున్న డిస్కును రోడ్డు రోలరు కింద వేసి తొక్కించమని చెప్పి పోయాడు. 2017 ఆగస్టు 25న ఒక పాత ఆవిరి యంత్రాల జాతరలో అలాగే తొక్కించారు. అంత బరువు కింద కూడా డిస్కు వెంటనే లొంగలేదు. రాళ్ళు పిండిచేసే యంత్రంలో వేస్తేగాని పని పూర్తి కాలేదు. మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, ఏకాంతం ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది దానికి సరిగ్గా ముందురోజు. ఆ హక్కు మనిషితోనే పోతుందని, వారసులకు సంక్రమించదని 2021లో మద్రాసు హైకోర్టు జయలలిత మీద తీసే సినిమాల కేసులో అంది. చట్టం లెక్కన చిన్నమ్మకిప్పుడు దాచుకునే హక్కు లేదన్నమాట. కాని చట్టం వదిలేసిన చోటల్లా మనం చేతులు పెట్టొచ్చా? పోయినవాళ్ళ మంచం కింద చెప్పులు తొడుక్కోవద్దని ఏ చట్టంలోనూ లేదు, మనం తొడుక్కోం.

తమ్ముడు ఇంకో ప్రశ్న వేశాడు, అది మంచి ప్రశ్న. “పొరపాటున డిలీట్ అయినయేమో? అమ్మకు అప్పుడప్పుడే నేర్చుకునుడు గదా.” ఒకటీ రెండూ అయితే నేనూ ఒప్పుకునేదాన్ని. కాని ఆ కంప్యూటర్లో తీసేసిన ఫైలు ముందు చెత్తబుట్టలోకి పోతుంది. బుట్ట ఖాళీ చెయ్యమంటే నిజంగానా అని మళ్ళీ అడుగుతుంది. ఇరవై మూడు సార్లు పొరపాటు జరగదు. పైగా ఆమె నాటికలూ, వంటలూ, ఉత్తరాలూ ఏడాదివారీగా ఫోల్డర్లలో సర్ది పెట్టుకున్న మనిషి. కూతురు పుట్టినరోజు ఫోటోల్లో మసకగా వచ్చినవి కూడా తీసెయ్యని మనిషి.

ఎప్పుడూ చూడకూడదా అంటే, అలా అనను. ఒక ఆడపిల్ల అనుమానంగా పోతే ఆమె తీసేసిన ప్రతి మెసేజీ చూడాల్సిందే. తీసేసింది ఆమేనో, ఇంకొకరు తీయించారో తేలాలి. ఎవరి భూమి కాగితమో, ఎవరికివ్వాల్సిన అప్పు లెక్కో అందులో ఉందని తెలిస్తే తియ్యాల్సిందే, అది ఆమె ఒక్కతిది కాదు గనుక. ఇంకొక మనిషికి అన్యాయం జరుగుతుంటే ఏకాంతం పేరు చెప్పి కళ్ళు మూసుకోకూడదు. కాని “అమ్మ మనసులో ఏముందో తెలుసుకోవాలి” అన్నది ఆ కోవలోకి రాదు. అది ప్రేమే, నిజమే. ఆడవాళ్ళ పెట్టెలు తెరిచినవాళ్ళలో చాలామంది ప్రేమతోనే తెరిచారు. ఇంట్లో తల్లికి దాపరికం ఏముంటుందని మనమంతా అనుకుంటాం. ఆమెకు వేరే లోపలి గది ఒకటి ఉండొచ్చన్న ఊహే మనకు రాదు. చిన్నమ్మ ఆ గది కట్టుకుంది, రాత్రి పదకొండు తర్వాత. తనే కూలగొట్టుకుంది. అందులో చిన్నాయన మీద కోపం ఉందో, దేవుడి మీద ఉందో, ఊరికే పద్యాలున్నాయో. రాయడమే ఆమెకు కావలసింది కాబోలు, ఉంచడం కాదు. రాసి చింపెయ్యడం కూడా ఒక రకం రాయడమే. ఈ మాట మగవాళ్ళకన్నా మనకు బాగా తెలుసు.

షాపు అబ్బాయితో ఉంచినవి మాత్రమే దించమన్నాను. వెయ్యికి పైగా ఫోటోలు వచ్చాయి. చిన్నాయన లుంగీలో, వాకిట్లో మల్లెపందిరి కింద పేపరు చదువుతున్నది ఒకటి ఉంది, అది చూసి చెల్లెలు ఫోన్‌లోనే ఏడ్చింది. ఉత్తరాలూ నాటికలూ తెలుగు చేయించాను. వంటల ఫైల్లో సజ్జరొట్టె దగ్గర, ‘నీకు ఎట్లాగూ రాదు, కొనుక్కుని తిను’ అని తమ్ముడికి రాసి ఉంది.

మీలో ఎవరికైనా నిజంగానే ఏదైనా మిగలకూడదని ఉంటే, డిలీట్‌ను నమ్మకండి. పాత కంప్యూటరు అమ్మేముందు డిస్కు మొత్తం మీద కొత్తగా రాసి తుడిపించండి. అలా చేసే ప్రోగ్రాములు షాపుల్లో ఉంటాయి. లేదా డిస్కు బయటికి తీయించి మీ దగ్గరే పెట్టుకోండి. మనం పోయాక కంపెనీల దగ్గరున్న మన వివరాల సంగతి ఎవరు చూడాలో పేరు రాసుకునే వీలు 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో పెట్టారు. అటక మీది డబ్బాకు అది వర్తించదు. దానికి పిల్లలతో నోటిమాటే.

పాత డిస్కును, నకలును పూర్తిగా తుడిపించాలని నేనూ చెల్లెలూ అనుకుంటున్నాం. ఆమె సగంలో ఆగిందని తెలియక ఆపిన పని అది. తమ్ముడు ఒప్పుకోవడం లేదు. చదవనని ఒట్టేస్తాను, ఉండనీ అంటాడు. ఉంటే ఎప్పుడో ఒక రాత్రి వాడే తెరుస్తాడు, వాడు కాకపోతే వాడి పిల్లలు తెరుస్తారు. ఆ మాట వాడితో అంటే, “నువ్వు తెరవవా?” అన్నాడు. డిసెంబరులో వస్తున్నాడు. అంతవరకూ రెండు డిస్కులూ చెల్లెలి దగ్గరికి పంపించాను.